అంగారక లోక కథకుడు – ఎడ్గార్ రైస్ బరోస్

ఆకాశంలో ఎర్రగా మెరిసే ఆ చిన్న గ్రహాన్ని మన పూర్వులు ఊరక విడిచిపెట్టలేదు. తెలుగువారు దానిని కుజుడనీ, అంగారకుడనీ, మంగళుడనీ పిలిచారు; జాతకచక్రంలో దానికొక దోషాన్ని కూడా అంటగట్టి ఎన్నో పెళ్ళి సంబంధాలను తారుమారు చేశారు. ఫారసీ, ఉర్దూ కవులు దానిని మిర్రీఖ్ అన్నారు. గగనసీమలో కొలువున్న తలారి అని బిరుదిచ్చారు. రోమకులకు అది యుద్ధదేవత. ఇట్లు సకల జాతులూ భయభక్తులతో చూచిన ఆ గ్రహంపై నగరాలను, నౌకలను, వీరులను, ప్రేమికులను ప్రతిష్ఠించి, కోట్లాది పాఠకులను అక్కడికి విహారయాత్రకు తీసుకొనిపోయిన రచయిత ఒకడున్నాడు. ఆయనే ఎడ్గార్ రైస్ బరోస్. టార్జన్ సృష్టికర్తగా ఆయన పేరు లోకానికంతటికీ తెలుసు. కాని ఆయన సాహిత్య జీవితం అడవిలో గాక అంగారకునిపై ఆరంభమయిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఈ జీవితాన్ని మన విద్యార్థులు తెలుసుకోవలసిన అవసరం మరొకటి కూడా ఉన్నది. ముప్పది అయిదేండ్లు నిండేవరకు బరోస్ చేపట్టిన పని ఏదీ కొనసాగలేదు. పరీక్షలో తప్పాడు, కొలువులు మారాడు, వ్యాపారాలలో నష్టపోయాడు. పండితులు చిన్నచూపు చూచే చవుక పత్రికే చివరకు ఆయనకు దారి చూపింది. ఆ దారిన వచ్చిన కథలలో గొప్పతనమూ ఉన్నది, లోపమూ ఉన్నది. రెంటినీ కలిపి చూచినప్పుడే ఆ మనిషి మనకు అర్థమవుతాడు.

బరోస్ 1875వ సంవత్సరం సెప్టెంబరు 1వ తేదీన అమెరికాలోని చికాగో నగరంలో జన్మించాడు. తండ్రి జార్జి టైలర్ బరోస్ అంతర్యుద్ధంలో ఉత్తర రాష్ట్రాల సైన్యంలో మేజరుగా పనిచేసి, పిమ్మట వ్యాపారంలో స్థిరపడినవాడు. క్రమశిక్షణకు ప్రాణమిచ్చే మనిషి. అన్నలు చక్కగా చదువుకొని ప్రయోజకులయ్యారు. చిన్నవాడైన ఎడ్గారు చదువు మాత్రం నిలకడగా సాగలేదు. నగరంలో అంటువ్యాధులు ప్రబలినందున బడి తరువాత బడి మారవలసి వచ్చింది. 1891లో తండ్రి అతనిని దూరాన ఐడహోలో అన్నలు నడుపుతున్న పశువుల క్షేత్రానికి పంపించాడు. గుర్రపుస్వారీ, పశువుల కాపరుల సాహసగాథలు, విశాలమైన బయళ్ళు ఆ బాలుని హృదయంలో చెరగని ముద్ర వేశాయి. తిరిగివచ్చి ఆండోవరులోని పేరుపొందిన విద్యాలయంలో చేరాడు గాని, అక్కడివారు ఎక్కువకాలం అతనిని ఉంచుకోలేదు. చివరకు మిచిగన్ సైనిక విద్యాలయంలో 1895లో చదువు ముగించాడు. ఆ విద్యాలయంలో అధికారిగా ఉండిన కెప్టెన్ చార్లెస్ కింగ్ నవలలు వ్రాసి పేరు గడించినవాడు కావడం గమనింపదగిన విశేషం.

సైనికాధికారి కావాలన్నది యువకుడైన బరోస్ ఆశయం. అందుకై వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల ప్రవేశపరీక్ష వ్రాసి తప్పాడు. అయినా పట్టు విడువక 1896లో సాధారణ సిపాయిగా ఏడవ అశ్వికదళంలో చేరి, ఆరిజోనాలోని ఫోర్ట్ గ్రాంట్ అనే దుర్గానికి వెళ్ళాడు. అక్కడ ఆయనకు లభించింది వీరోచిత యుద్ధాలు కావు. కాలువలు త్రవ్వడం, బాటలు వేయడం, మండుటెండలో కానరాని శత్రువుల కొరకు గాలించడం. గుండె బలహీనంగా ఉన్నదని వైద్యులు తేల్చడంతో 1897లో సైన్యం నుండి విడుదల పొందాడు. ఇట్లు ఒక ఆశయం భగ్నమయింది. కాని ఆ ఎర్రని ఎడారి, ఎండిన వాగులు, నిర్మానుష్యమైన కొండలు ఆయన జ్ఞాపకంలో నిలిచిపోయాయి. ముందు ముందు ఆయన వర్ణించిన అంగారక భూములకు ఆరిజోనా పోలికలు రావడం కాకతాళీయం కాదు.

ఆపై పదునాలుగేండ్ల జీవితం కష్టాల పట్టిక. 1898లో పొకటెల్లో అనే పట్టణంలో కాగితాలు, పత్రికలు అమ్మే దుకాణం పెట్టాడు; అది నిలువలేదు. తండ్రి బ్యాటరీల కర్మాగారంలో పనిచేశాడు. 1900 జనవరిలో బాల్యస్నేహితురాలైన ఎమ్మా హల్బర్ట్‌ను వివాహమాడాడు. 1903లో అన్నలతో కలిసి ఐడహో నదులలో బంగారం తోడే యత్నంలో పాల్గొన్నాడు, అదీ మునిగిపోయింది. 1904లో సాల్ట్ లేక్ నగరంలో రైల్వే పోలీసుగా ఉండి, బండ్లలో దొంగతనంగా ప్రయాణించే బికారులను దించివేసే పని చేశాడు. పిమ్మట ఇంటింటికీ తిరిగి పుస్తకాలమ్మాడు, విద్యుద్దీపాలమ్మాడు, మిఠాయిలమ్మాడు. సియర్స్ రోబక్ అనే పెద్ద వర్తక సంస్థలో స్టెనోగ్రాఫర్ల విభాగానికి అధిపతిగా కుదిరినప్పుడు కుటుంబం కొంత ఊపిరి పీల్చుకొన్నది. కాని సొంత వ్యాపారం మీది మోజుతో 1908లో ఆ ఉద్యోగాన్ని కూడా వదలుకొన్నాడు. ఆ వ్యాపారమూ దెబ్బతిన్నది. అప్పటికి ఇంట్లో ఒక పసిబిడ్డ. మరుసటి ఏడు మరొకడు. భార్య నగలు కుదువబెట్టి పూట గడుపుకొన్న రోజులు కూడా ఆ సంసారానికి తప్పలేదు. నగలు తాకట్టులోకి పోవడమంటే ఎంతటి గడ్డుకాలమో మన ఇండ్లలోని తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

1911లో బరోస్ పెన్సిళ్ళు చెక్కే యంత్రాల అమ్మకానికి ఏజెంట్లను నియమించే చిన్న వ్యాపారంలో ఉన్నాడు. ఏజెంట్లు ఊరిమీదికి పోయిన వేళ ఆయనకు కార్యాలయంలో చేయడానికి పని ఉండేది కాదు. అంతకుముందు కొంతకాలం చవుక కథాపత్రికలలో తమ ప్రకటనలు సరిగా పడినవో లేదో చూడడం ఆయన పనిగా ఉండేది. కలపగుజ్జుతో చేసిన నాసిరకం కాగితంపై అచ్చయ్యే ఆ పత్రికలకు అమెరికాలో పల్ప్ పత్రికలని పేరు. ఒకప్పుడు మన రైల్వేస్టేషన్ల పుస్తకాల అంగళ్ళలో డిటెక్టివ్ నవలలకు ఉండిన స్థానమే అక్కడ వాటిదీ. ప్రకటనలు చూస్తూ కథలు కూడా చదివిన బరోస్‌కు, ఇటువంటి కథలు తానూ వ్రాయగలనన్న నమ్మకం కలిగింది. పాత వ్యాపారాలలో మిగిలిపోయిన కాగితాల వెనుకవైపున వ్రాత మొదలుపెట్టాడు. ఈ సంగతి ఇరుగుపొరుగువారికి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. సగం కథ కాగానే ఆల్ స్టోరీ పత్రికకు పంపించాడు. సంపాదకుడు థామస్ మెట్కాఫ్ దానిని ఇష్టపడి, పూర్తిచేయవలసినదిగా కోరి, కొన్ని మార్పులు సూచించాడు. కథకు ముట్టిన ప్రతిఫలం 400 డాలర్లు. అది 1912 ఫిబ్రవరి నుండి జూలై వరకు ధారావాహికగా వెలువడింది. ఇటువంటి విపరీత కథ వ్రాసినవానికి మతి చలించిందని జనం అనుకుంటారేమోనని, తన బుర్ర సరిగానే ఉన్నదని సూచించేటట్లు నార్మల్ బీన్ అని మారుపేరు పెట్టుకొన్నాడు. ఆ చమత్కారం ఎవరికో అచ్చుతప్పుగా తోచి నార్మన్ బీన్ అని దిద్దివేశారు!

ఆ కథే 1917లో 'ఏ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' అనే పేర పుస్తకమయింది. కథానాయకుడు జాన్ కార్టర్ వర్జీనియాకు చెందిన సైనికాధికారి. అంతర్యుద్ధం ముగిసిన పిమ్మట ఆరిజోనాలో బంగారం వెదకుతూ, వెంటాడే అపాచీల నుండి తప్పించుకొని ఒక గుహ చేరుతాడు. అక్కడ దేహం స్తంభించిపోగా, ఆకాశంలోని ఎర్రని గ్రహం వైపు చేతులు చాచి, మరుక్షణంలో ఆ గ్రహంపై కన్ను తెరుస్తాడు. అక్కడివారు తమ లోకాన్ని బార్సూమ్ అని పిలుస్తారు. సముద్రాలు ఇంకిపోయి, ఒకనాటి రేవుపట్టణాలు ఎడారి ఒడ్డున శిథిలమై నిలిచిన లోకమది. గాలి కూడా పలుచబడిపోగా, ఒక మహాయంత్రాగారం నిత్యమూ ప్రాణవాయువును తయారు చేసి జీవులను బ్రతికిస్తూ ఉంటుంది. ఉన్న కొద్ది నీటి కొరకు, నేల కొరకు జాతులు ఒకదానితో ఒకటి ఎడతెగక పోరాడుతుంటాయి.

నాలుగు చేతులు, కోరలు గల పచ్చని దీర్ఘకాయులకు జాన్ కార్టర్ మొదట బందీ అవుతాడు. భూమికంటె అక్కడ ఆకర్షణశక్తి తక్కువ కనుక ఒక్క గంతులో ఎంతో దూరం దూకగలగడం అతనికి కలిసివస్తుంది. ఆ పచ్చజాతిలో పిల్లలకు తల్లిదండ్రులెవరో తెలియదు. కరుణ అనేది వారికి బలహీనత. ఎదుటివాని బాధ వారికి వినోదం. అట్టి జాతిలో కూడా టార్స్ టార్కస్ అనే నాయకుడు ఒకప్పుడు రహస్యంగా ఒక స్త్రీని ప్రేమించినవాడే. వారి కుమార్తె సోలా హృదయంలో దయ చిగురించి ఉంటుంది. స్నేహమంటే ఏమిటో ఎరుగని టార్స్ టార్కస్‌కు జాన్ కార్టర్ స్నేహితుడు కావడమే ఈ కథలో మిక్కిలి రమ్యమైన ఘట్టమని నా అభిప్రాయం. హీలియం రాజకుమారి డేజా థోరిస్‌తో నాయకుని ప్రణయం, ఖడ్గయుద్ధాలు, గాలిలో తేలే నౌకలు తక్కిన కథ. చివరకు ప్రాణవాయు యంత్రం ఆగిపోగా, కార్టర్ దాని ద్వారాలు తెరిపించి స్పృహ కోల్పోతాడు. మేలుకొని చూస్తే తిరిగి భూమిపై ఉంటాడు. తన భార్య, ఆ లోకం బ్రతికినవో లేదో తెలియక పరితపిస్తాడు. అమీర్ హమ్జా దాస్తాన్‌లోని తిలిస్మ్ మాయలు విన్నవారికీ, కాశీమజిలీ కథలు చదివినవారికీ ఈ బాణీ కొత్త కాదు. బరోస్ చేసిన కొత్త పని ఏమంటే, మంత్రం ఉండవలసిన చోట యంత్రాన్ని, పరీలోకం ఉండవలసిన చోట ఒక నిజమైన గ్రహాన్ని నిలపడం.

ఆ గ్రహచిత్రం బరోస్ ఒక్కని ఊహ కాదు. 1877లో ఇటలీ ఖగోళశాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి కుజునిపై సన్నని గీతలను చూచి, వాటికి నీటిపాయలని అర్థమిచ్చే ఇటాలియన్ పేరు పెట్టాడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అవి త్రవ్విన కాలువలయ్యాయి. త్రవ్విన కాలువలున్నచోట త్రవ్వినవారు కూడా ఉండాలి గదా! పెర్సివల్ లోవెల్ అనే ధనికుడు 1894లో ఆరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ వద్ద వేధశాల నిర్మించి, మరణించబోతున్న ఒక నాగరికత ధ్రువాల మంచును కాలువల ద్వారా పొలాలకు మళ్ళించుకొంటున్నదని ప్రచారం చేశాడు. లోవెల్ అంగారకుని పరిశీలించిన ఆ ఆరిజోనాలోనే రెండేండ్లకు సిపాయి బరోస్ కాలువలు త్రవ్వడం చరిత్రలోని ఒక చిత్రమైన కలయిక. లోవెల్ దానిని శాస్త్రమని చెప్పాడు. బరోస్ దానినే కథగా చెప్పాడు. ఒక మాట అనువాదంలో మారినందువల్ల ఒక గ్రహానికే జనాభా ఏర్పడింది. భాషను అధ్యయనం చేసేవారు ఈ పాఠాన్ని మరువరాదు.

1913లో వెలువడిన రెండవ నవల 'ది గాడ్స్ ఆఫ్ మార్స్' మరింత ఆలోచింపజేసేది. బార్సూమ్ ప్రజలు వేయి సంవత్సరాలు బ్రతికి, పిమ్మట ఇస్ అనే నది వెంట స్వర్గమని నమ్మిన లోయకు తీర్థయాత్ర పోతారు. అక్కడ వారికి ఎదురయ్యేది స్వర్గం కాదు. క్రూరమృగాలూ, అమాయక భక్తుల రక్తమాంసాలపై బ్రతికే పూజారివర్గమూ. తిరిగివచ్చినవాడు నిజం చెప్పినా వానిని చంపవలెనని అక్కడి ఆచారం. భక్తి వేరు, భక్తిని అమ్ముకొనే వంచన వేరు అన్న వివేకాన్ని ఈ సాహసకథ ఉపన్యాసం లేకుండానే బోధిస్తుంది.

మొదటి కథ అచ్చయినంత మాత్రాన దారిద్ర్యం తీరలేదు. ఆయన రెండవ రచన, మధ్యయుగాల కథ, తిరస్కరింపబడింది. మూడవదే టార్జన్. అది 1912 అక్టోబరులో ఆల్ స్టోరీ పత్రికలో వెలువడింది. ప్రతిఫలం 700 డాలర్లు. ఆ కాలంలో బరోస్ ఒక వ్యాపార పత్రికలో ఉద్యోగి. తన వ్యాపారాలన్నీ మునిగినవాడు ఇతర వర్తకులకు సలహాలు వ్రాసేవాడు! 1913 ఫిబ్రవరిలో తండ్రి గతించాడు. అదే నెలలో మూడవ బిడ్డ పుట్టాడు. ఆ ఏడే ఉద్యోగం వదలి కలాన్ని నమ్ముకొన్నాడు. పద్దులు వ్రాసే గుమాస్తా వలె ప్రతిదినమూ వ్రాశాడు. పాతాళలోకపు పెల్లుసిడార్ కథలు, శుక్రగ్రహ కథలు, అంగారక కథల పరంపర వెలువడ్డాయి. మొత్తం గ్రంథాలు డెబ్బదికి పైబడ్డాయి. అంగారక గ్రంథాలే పదకొండు. 1918లో టార్జన్ చలనచిత్రం వచ్చింది. 1919లో కాలిఫోర్నియాలో 540 ఎకరాల భూమి కొని దానికి టార్జానా అని పేరు పెట్టాడు. నేటికీ ఆ ప్రాంతం ఆ పేరుతోనే ఉన్నది. 1923లో తన పేరనే ఒక సంస్థ నెలకొల్పి రచనల హక్కులను స్వయంగా కాపాడుకొన్నాడు. రచయిత తన సొత్తుకు తానే యజమాని కావచ్చునని నిరూపించిన తొలితరం వారిలో ఆయన ఒకడు.

ఇంతటి వాని లోపాలను కూడా దాచరాదు. బరోస్ ఆఫ్రికాలో ఏనాడూ అడుగుపెట్టలేదు. అయినా ఆ ఖండపు ప్రజలను అనాగరికులుగా, తెల్లజాతి బిడ్డను పుట్టుకతోనే అధికునిగా చిత్రించాడు. టార్జన్ కథలలో అరబ్బులు తరచుగా బానిసల వర్తకులుగా, దంతపు దొంగలుగా దర్శనమిస్తారు. ఒక జాతిలో కొందరు చేసిన పాపాన్ని ఆ జాతి ముఖానికంతటికీ పులమడం న్యాయం కాదు. బానిసత్వాన్ని తుదముట్టించిన సైన్యంలో తండ్రి పోరాడగా, కుమారుడు తన వీరుని ఎదుటి పక్షం నుండి ఎన్నుకోవడం కూడా విచిత్రమే. మొదటి ప్రపంచయుద్ధ కాలపు ఆవేశంలో జర్మనులను రాక్షసులుగా చిత్రించి టార్జన్ నవల వ్రాశాడు. 1925లో ఆ సంగతి జర్మనీలో వెల్లడి కాగా, అంతకుముందు ఆయన పుస్తకాలను ఎగబడి కొన్న పాఠకులే వాటిని త్రోసివేశారు. ద్వేషంతో వ్రాసిన అక్షరం రచయితనే తిరిగి కాటువేస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం వేరే ఎందుకు? అయితే అంగారక కథలలో ఎర్ర, పచ్చ, నల్ల జాతులు తుదకు ఒకే జెండా క్రింద స్నేహితులై నిలుస్తాయి. భూమిపై చూడలేకపోయిన సమానతను బరోస్ వేరొక గ్రహంపై కొంతవరకు చూడగలిగాడు.

ఆయన చివరి జీవితం ప్రశాంతంగా సాగలేదు. 1934లో ఎమ్మాతో వివాహబంధం తెగింది. 1935లో ఫ్లోరెన్స్‌ను వివాహమాడాడు. ఆ బంధమూ కొద్ది ఏండ్లకే విడిపోయింది. 1941 డిసెంబరు 7వ తేదీన పెర్ల్ హార్బరుపై జపాను విమానాలు దాడి చేసినప్పుడు ఆయన హవాయిలోనే ఉన్నాడు. అప్పటికి ఆయన వయస్సు అరువది ఆరు. అయినా యుద్ధవిలేఖరిగా పేరు నమోదు చేయించుకొని పసిఫిక్ రణరంగాలలో సంచరించాడు. యువకునిగా దక్కని సైనికజీవితం వృద్ధాప్యంలో వేరొక రూపంలో దక్కింది. 1950 మార్చి 19వ తేదీన, ఎన్సినోలోని స్వగృహంలో పడకపై పత్రికలోని బొమ్మల కథలు చూస్తూ ఉండగా గుండె ఆగి మరణించాడు.

ఆయన మరణించిన పదునైదేండ్లకు, 1965లో, మారినర్ 4 అనే నౌక అంగారకుని ప్రక్కగా పోతూ చిత్రాలు పంపింది. కాలువలు లేవు, నగరాలు లేవు. ఉల్కలు కొట్టిన గుంటలే ఉన్నాయి. గాలి ఒత్తిడి భూమిపై దానిలో నూరవవంతు కంటె తక్కువ అని తేలింది. బార్సూమ్ కరిగిపోయింది. కాని బరోస్ కథలు చదివి పెరిగిన పిల్లలు కరిగిపోలేదు. వారిలో ఒకడైన కార్ల్ సాగన్ బాల్యంలో జాన్ కార్టర్ వలె చేతులు చాచి నిలిచి అంగారకుడు తనను పిలుచుకోవాలని కోరుకొన్నాడు. పెద్దయిన పిమ్మట 1976లో ఆ గ్రహంపై దిగిన వైకింగ్ నౌకల శాస్త్రజ్ఞులలో ఒకడయ్యాడు. అంగారకునిపై ఒక బిలానికి బరోస్ పేరు పెట్టబడింది. మన శ్రీహరికోట నుండి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళ్‌యాన్ 2014 సెప్టెంబరు 24న ఆ గ్రహకక్ష్యలో ప్రవేశించింది. అదే వారంలో అక్కడికి చేరిన అమెరికా నౌక మావెన్, సూర్యుని నుండి వీచే కణాల ధాటికి ఆ గ్రహపు గాలి యుగయుగాలుగా ఊడ్చుకొనిపోయిందని ఋజువు చేసింది. గాలిని కోల్పోతున్న లోకమన్న ఒక్క ఊహ మాత్రం కథలోనూ, శాస్త్రంలోనూ నిలిచింది.

విద్యార్థి మిత్రులారా! పరీక్షాఫలితాల పట్టికలో తమ సంఖ్య కానరానప్పుడు జీవితమే ముగిసినదని తలచేవారు ఈ మనిషి ముప్పది అయిదవ ఏటిని ఒకమారు స్మరించండి. అదృష్టం తలుపు తట్టిందని చెప్పడం సులభం. ఆ తలుపు దగ్గర పాత కాగితాల వెనుక వ్రాస్తూ మెలకువగా కూర్చున్నది ఆయనే. చవుక కథలు చదువుతున్నారని పిల్లలను మందలించే పెద్దలకు కూడా ఒక సవినయమైన మనవి. ఏ పుస్తకం ఏ బాలుని చేయి పట్టుకొని ఏ వేధశాలకు నడిపిస్తుందో ముందుగా చెప్పగలవారెవరు? కళాశాల గ్రంథాలయంలో పాఠ్యగ్రంథాల ప్రక్కన సాహసకథలకు కూడా ఒక అర చోటిస్తే, ఆ ఖర్చు వృథా కాదు. కథలోని అన్యాయాన్ని గుర్తించి త్రోసివేయడం, కథ రేపిన జిజ్ఞాసను దాచుకోవడం నేర్పవలసిన బాధ్యత అధ్యాపకులమైన మాది. ఈ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, ఆ ఎర్రని చుక్క మీ కంటబడితే, దానిని దోషకారకునిగా గాక, చూచి తెలుసుకోదగిన మరొక నేలగా చూడండి.